తొమ్మిదేళ్లు

ఛత్తా బజారులో, మూడో మెట్టు పగిలిన ప్రెస్సు మాది.
పెళ్లిపత్రికలు పక్కన పడేసి రెండు రోజులుగా
ఒక రాయికి చీటీ అచ్చువేస్తున్నాం.
నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు.
మ్యూజియం గాజుబీరువా అంతకు మించి చోటివ్వదట.

రాతి మీద రాజు పేరున్న చోట
ఎవరో ఏళ్ల తరబడి కొడవళ్లు నూరుకున్నారు.
మిగిలింది ఇంతే:
శకవర్షంబులు ఏనూట ముప్పదినాలుగు,
విజయరాజ్యంబు నాలుగవ ఏండు,
కుమ్మరి నెఱియకు ఎనిమిది మఱుతుర్ల నేల.

నేను ప్రూఫులు దిద్దే మనిషిని.
ఐదువందల ముప్పై నాలుగుకి డెబ్బై ఎనిమిది కలిపితే
ఆరువందల పన్నెండు.
అంతటితో ఊరుకోవాల్సింది.
కాని మా ప్రెస్సులో ఏ ఏడూ ఒంటికాలి మీద నిలబడదు.

సిబ్గతుల్లా సాహెబ్ కళ్లద్దాలు నుదుటికెత్తి
వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు.
"హిజ్రీ లేదమ్మా. ఇంకా పదేండ్లుంది.
అప్పటికి మా లెక్క కడుపుల గూడ పడలే."
ఆ తర్వాత, వాళ్ల నాయన కచ్చేరీలో రాసిన
శిస్తు రసీదులు గుర్తొచ్చి, మెల్లగా,
"ఫసలీ అయితే ఇరవై రెండు."
ఇరవై రెండు! మీసం గట్టిపడే వయసు.
వెయ్యేళ్ల తర్వాత పుట్టిన లెక్క
వెనక్కి నడుచుకుంటూ పోయి
ఆ కుమ్మరి గుమ్మంలో శిస్తు అడుగుతున్నట్టుంది.

బేగంబజారు నుంచి కాగితం రీములు తెచ్చిన సోహన్‌మల్ కోఠారి
ఖాతాపుస్తకంలో పెట్టిన వేలు తీయకుండానే
"మా వీర సంవత్ రాయండి.
దీపావళి దాకా వెయ్యిన్నూట ముప్పై ఎనిమిది,
దీపం ఆరినాక ముప్పై తొమ్మిది" అన్నాడు.
ఒక్క ఏడుకి నడిమధ్య గడప.

ఫోనులో వరదాచార్యులుగారు కలి లెక్క చెప్పారు:
మూడువేల ఏడువందల పదమూడు.
అంత పెద్ద అంకెలో కుమ్మరి ఎక్కడ కూర్చుంటాడు?
పేరడిగేసరికి గొంతు సవరించుకున్నారు.
"అరవైల్లో వెనక్కి పోతే ఆంగీరస.
కాని అప్పట్లో గురుడి నడక పట్టి పిలిచేవారేమో,
అలా అయితే అప్పుడప్పుడు ఒక పేరు ఎగిరిపోతుంది కూడా.
నా మాటగా అచ్చువేయకండి."

మా నాయనమ్మ ఉంటే వీళ్లెవర్నీ లెక్కచేసేది కాదు.
ఆమెకు మా అత్త గత్తరొచ్చిన ఏడు పుట్టింది,
మా నాయన జొన్నకంకి గింజపట్టని ఏడు,
నేను నల్లబర్రె రెండోసారి ఈనిన ఏడు.
బడి రిజిస్టరులో ఆ బర్రెకు గడి దొరకలేదు.
పంతులు జులై ఒకటి అని రాసేసుకున్నాడు.
ఇప్పటికీ ఆ రోజు బ్యాంకువాళ్లు నాకు శుభాకాంక్షలు పంపుతారు.

నెఱియ కూడా ఏదో పేరు పెట్టుకునే ఉంటాడు,
ఆవం చెడకుండా కాలిన ఏడనో,
మట్టికి వాగు దాటి పోవాల్సొచ్చిన ఏడనో.
అది రాతికెక్కలేదు.

సాయంత్రం ప్రూఫు వచ్చింది, తడి సిరా.
క్రీ.శ. 621.
అంకెలు రెండు చోట్లు మార్చుకున్నాయి, అంతే.
ఎవరు చూడొచ్చారు? ఆ చీటీ ముందు
అరనిమిషమైనా ఆగేదెవరు?

తొమ్మిదేళ్లు.
తొమ్మిదేళ్లలో నెఱియ ఇంట్లో ఒక పిల్ల పుట్టి,
నడక నేర్చి, సారె పక్కన గొంతుక్కూర్చుని
మట్టిలోంచి పలుగురాళ్లు ఏరేస్తూ ఉంటుంది.

ఎర్రపెన్సిలు మొన చెక్కాను.
ఒకటి ముందుకి, రెండు వెనక్కి.

చీటీ కింద ఇంకా అరంగుళం మిగిలింది.
సాహెబ్ షట్టరు సగం దించి అడిగాడు,
"అక్కడ ఏ లెక్క పెడదామమ్మా?"
"కుమ్మరి పేరు పెట్టండి" అన్నాను.

మా ఫాంటులో బండి ఱ లేదు.
అది వెతికేసరికి ఇంకో గంట పట్టింది.